కొండమీద జబ్బు చేస్తే

తిక్కనగారి మహాప్రస్థానిక పర్వం పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి అదే ప్రశ్న వేస్తారు: “ద్రౌపది పడిపోతే ఒక్కరైనా ఆగి చెయ్యిచ్చి లేవదియ్యలేదేమండీ?”

నిజమే మరి. ముందు ద్రౌపది, తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి అంతటి భీముడూ ఒకరి వెనక ఒకరు కూలిపోతారు. ఎందుకు పడిపోయారని భీముడు అడుగుతాడు. ధర్మరాజు కారణం చెబుతాడు. వెనుతిరిగి చూడకుండా సాగిపోతాడు. ఆఖరికి వెంట మిగిలింది కుక్క ఒక్కటే. అది తిరిగి రావడమనే ఊసు లేని ప్రయాణం గనక అక్కడి ధర్మం వేరని మా బోటివాళ్ళం సమాధానం చెబుతాం. పిల్లలు తృప్తి పడరు. పడనక్కరలేదు కూడా.

అయితే అదే భారతంలో, అరణ్యపర్వంలో, మరో కొండ ప్రయాణం వుంది. గంధమాదనానికి వెళుతూ దారిలో గాలివానలో చిక్కుకుని, ఇక అడుగు పడక ద్రౌపది సొమ్మసిల్లుతుంది. ఈసారి ఎవరూ సాగిపోరు. తల ఒడిలోకి తీసుకుంటారు, నీళ్ళు చల్లుతారు, విసురుతారు, కవలలు కాళ్ళు ఒత్తుతారు. భీముడు తలచుకున్నదే తడవుగా ఘటోత్కచుడు పరివారంతో వచ్చి వాలుతాడు. ద్రౌపదిని తాను ఎత్తుకుంటాడు, మిగిలినవారిని తనవాళ్ళు ఎత్తుకుంటారు. అందరినీ బదరికి చేరుస్తారు. కొండదారిలో జబ్బుపడ్డ మనిషిని భుజాన వేసుకుని క్షేమమైన చోటికి చేర్చిన ఉదంతం మన సాహిత్యంలో ఇంతకన్నా పాతది నాకు తారసపడలేదు. ఎటొచ్చీ ఒక్క చిక్కు. ఘటోత్కచుడు పైకి మోశాడు. ఈనాటి వైద్యుడు అక్కడుంటే ఒప్పుకునేవాడు కాడు. “కిందికి దించు నాయనా, ఎంత కిందికి దించగలిగితే అంత కిందికి!” అని వుండేవాడు.

ఆ మాట వైద్యుడి నోట నేను చెవులారా విన్నాను గనకనే ఈ వ్యాసం.

మాది కాకినాడ. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళం. మాకు కొండ అంటే అన్నవరం, మహా అయితే తిరుమల. తిరుమల ఎత్తు 850 మీటర్ల పైచిలుకు. కేదారనాథం 3,583 మీటర్లు, అంటే దానికి నాలుగింతలు దాటింది. ఈ లెక్క మనవాళ్ళలో చాలామంది వేసుకోరు. “మోకాళ్ళ పర్వతం ఎక్కినవాడికి కేదారం ఒక లెక్కా?” అనుకుంటారు. కాళ్ళకు అది లెక్క కాకపోవచ్చు. ఊపిరితిత్తుల లెక్క వేరు.

2023 అక్టోబరులో, దసరా సెలవుల్లో, మా అక్కయ్యా బావగారూ నేనూ కేదారం బయలుదేరాం. మా బావగారికి యాభయ్యారేళ్ళు. బ్యాంకు ఉద్యోగం. ప్రతి ఉదయం సముద్రతీరాన ఐదు కిలోమీటర్లు నడిస్తేగాని కాఫీ ముట్టరు. రక్తపోటు లేదు, చక్కెర లేదు, పొగ తాగరు. మా ముగ్గురిలో ఎవరైనా దారిలో కూలబడతారంటే వాళ్ళు నేనో అక్కయ్యో అయివుండాలి. హరిద్వారంనుంచి కారులో వచ్చి గుప్తకాశిలో ఒక రాత్రి పడుకున్నాం. గుప్తకాశి ఎత్తు 1,319 మీటర్లు. మర్నాడు చీకటితో లేచి సోన్‌ప్రయాగ, అక్కడినుంచి జీపులో గౌరీకుండం, అక్కడినుంచి నడక. 2013 ప్రళయానికి ముందు గౌరీకుండంనుంచి గుడికి 14 కిలోమీటర్లని చెప్పేవారు. ఆ వరదలో రాంబాడా అనే మజిలీ మొత్తం కొట్టుకుపోయింది, పాతదారి తెగిపోయింది. తరువాత మందాకినిని దాటి అవతలి ఒడ్డున లించోలీ మీదుగా కొత్తదారి వేశారు. అందుచేత నడక ఇంకా పెరిగింది.

బావగారు అందరికన్నా ముందు నడిచారు. గుర్రాలను కూడా తప్పుకుని దాటిపోయారు. మేము రొప్పుతూ సాయంత్రానికి చేరేసరికి ఆయన గుడి ఎదుట నిలబడి, “ఏమోయ్, మాస్టారు గారికి ఇప్పుడు తెల్లవారిందా?” అని వేళాకోళం చేశారు.

ఆ రాత్రి ఆయనకు తలనొప్పి. అన్నం సయించలేదు. మాకూ తలనొప్పి వుంది గనక ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు దర్శనం బాగా జరిగింది. మధ్యాహ్నం ఆయన భైరవనాథుడి గుట్ట ఎక్కి వచ్చారు. గుడికి అర కిలోమీటరు దూరమే. దిగి వచ్చాక మాత్రం ఒక బండమీద కూర్చుండిపోయారు. కూర్చున్నా ఆయాసం తగ్గలేదు. సాయంత్రం పొడిదగ్గు మొదలయింది. “చలిగాలి” అన్నారు. రాత్రి పదకొండింటికి పడుకోలేక లేచి గోడకు చేరగిలబడ్డారు. పన్నెండింటికి అక్కయ్య నన్ను తట్టి లేపింది. “ఒరేయ్, మీ బావగారి గుండెల్లో హుక్కా పీల్చినట్టు గుడగుడమంటోంది రా” అంది.

టార్చిలైటు వేసి చూశాను. పెదిమలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. తుమ్మినా దగ్గినా రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి. ఆ రుమాలులో నురుగు వుంది. ఆ నురుగులో లేత ఎరుపు జీర వుంది. “టైమెంతయింది?” అని అడిగారు. చెప్పాను. రెండు నిమిషాలకు మళ్ళీ అదే ప్రశ్న.

బసలో పనిచేసే కుర్రవాడిని వెంటబెట్టుకుని వైద్యశిబిరానికి పరుగెత్తాను. పరుగెత్తానని అనుకున్నాను గాని, ఆ ఎత్తులో పది అడుగులు వేసేసరికి కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. డాక్టరు గఢ్వాలీ యువకుడు, ముప్ఫయి దాటి వుండవు. అడిగిన మొదటి ప్రశ్న: “ఎప్పుడు పైకి వచ్చారు?” రెండో ప్రశ్న: “ఇది ఎన్నో రాత్రి?” రెండో రాత్రి అని చెప్పగానే సంచీ భుజాన వేసుకున్నాడు.

బావగారి వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న పరికరం తగిలించాడు. 62 చూపించింది. నా వేలికి పెడితే 86. కింద మైదానంలో ఆరోగ్యవంతుడికి 95కి పైన వుండాలి. వీపుమీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టిందేమో. నిమోనియానా అని అడిగాను. అప్పుడే అన్నాడు ఆ మాట: “కాదు. ఇది కొండ చేసిన జబ్బు. మందు వేస్తాను, ఆక్సిజన్ పెడతాను. కాని అసలు మందు ఒక్కటే, కిందికి దించడం. ఎంత కిందికి దించగలిగితే అంత మంచిది.” నా హిందీ చిన్నప్పుడు పరీక్షలకోసం చదివిన హిందీ. తులసీదాసు మీద వ్యాసం రాయమంటే రాస్తానుగాని అర్ధరాత్రి డాక్టరుతో మాట్లాడడానికి పనికివస్తుందనుకోలేదు. అయినా ఆయన మాటల్లో ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదు.

ఆ జబ్బు సంగతి ఇక్కడే కొంచెం చెప్పాలి. చాలామంది అనుకునేటట్టు కొండమీది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. కిందా పైనా నూటికి 21 పాళ్ళే. తగ్గేది గాలి ఒత్తిడి. కేదారనాథం ఎత్తులో ఆ ఒత్తిడి సముద్రమట్టంలో వున్నదానికి ఇంచుమించు మూడింట రెండువంతులు. కాబట్టి ఛాతీ నిండా పీల్చినా లోపలికి చేరే ప్రాణవాయువూ అంతే. శరీరం దీనికి అలవాటు పడగలదు. కాని రోజులు కావాలి. తొందర పెడితే కొందరికి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడంతో సరిపోతుంది. కొందరికి ప్రాణవాయువు చాలక ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అన్నీ ఒకే తీరుగా ముడుచుకోవు. ముడుచుకోని చోట్లకు రక్తం ఒత్తిడితో తోసుకువచ్చి సన్ననాళాల గోడల్లోంచి నీరు ఊరుతుంది. గాలి వుండవలసిన గదుల్లో నీరు చేరుతుంది. అక్కయ్య విన్న గుడగుడ అదే. మరికొందరికి మెదడు వాస్తుంది. తాగినవాడిలా తూలతాడు, మాట తప్పుతాడు. ఆ తరువాత తెలివి తప్పుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు సాధారణంగా పైకి వచ్చిన రెండోరోజునుంచి నాలుగోరోజులోపల పట్టుకుంటుంది, రాత్రిపూట ముదురుతుంది. ఆ డాక్టరు ఎన్నో రాత్రి అని అడిగింది అందుకు.

కండబలానికీ దీనికీ సంబంధం లేదు. పైగా బలమైనవాడు తొందరగా ఎక్కుతాడు.

ఈ సంగతి లోకానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. రెండువేల సంవత్సరాల కిందటే చైనా అధికారి ఒకడు మన సరిహద్దు కొండల దారిని వర్ణిస్తూ పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ అని పేర్లు చెప్పాడు. 1891లో ఆల్ప్స్‌లోని మోఁ బ్లాఁ శిఖరం దగ్గర జాకొతే అనే యువ వైద్యుడు, దృఢకాయుడు, ఒక రక్షణ ప్రయత్నంలో పాల్గొని, తరువాత పైన వాలో గుడిసెలో ఆగాడు. జబ్బు చేసింది. దిగిరమ్మంటే, ఎత్తుకు శరీరం ఎలా అలవాటు పడుతుందో తన ఒంటిమీదే గమనిస్తానని ఒప్పుకోలేదు. అక్కడే పోయాడు. శవపరీక్షలో ఊపిరితిత్తుల నిండా నీరు. 1913లో రావెన్‌హిల్ అనే వైద్యుడు చిలీ దేశపు కొండగనుల్లో ఈ జబ్బు రకాలను చక్కగా వర్ణించాడు, ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుపడ్డవాళ్ళను నిమోనియా అనో గుండెజబ్బు అనో రాసేస్తూ వచ్చారు.

చివరకు 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హూస్టన్ ఒక వ్యాసం ప్రచురించాడు. కొలరాడో కొండల్లో మంచుమీద స్కీలు వేసుకుని వెళ్ళిన యువకుడొకడు దారిలో జబ్బుపడితే కిందికి తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు, గుండె చూస్తే నిక్షేపంలా వుంది, కొద్దిరోజుల్లో కోలుకున్నాడు. నిమోనియా కాదు, గుండెజబ్బు కాదు, ఎత్తువల్ల వచ్చినదే అని హూస్టన్ తేల్చాడు. ఈ హూస్టన్ పుస్తకాల వైద్యుడు మాత్రమే కాడు. 1953లో హిమాలయాల ఆవల కె–2 శిఖరం ఎక్కడానికి వెళ్ళిన జట్టుకు నాయకుడు. పైన ఆర్ట్ గిల్కీ అనే సహచరుడికి కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. శిఖరం మాట కట్టిపెట్టి, తుపానులో, అతన్ని గుడారపు గుడ్డలో చుట్టి తాళ్ళతో దించబోయారు. ఒకడు జారితే తాళ్ళు చిక్కుపడి ఐదుగురు జారారు; పైన పీట్ షోనింగ్ అనేవాడు మంచుగొడ్డలి బండ వెనక దిగేసి ఒక్కడే అందరి బరువూ ఆపాడు. గిల్కీ దక్కలేదు. బతికి బయటపడ్డవాళ్ళలో ఏ ఒక్కరూ అతన్ని వదిలేసి రావలసిందని ఆ తరువాత అనలేదట. ధర్మరాజు పద్ధతి వాళ్ళకు నచ్చినట్టు లేదు.

మన దేశంలో ఈ పాఠం సైన్యం నేర్చుకుంది, ఖరీదు చెల్లించి నేర్చుకుంది. 1962 యుద్ధకాలంలో జవాన్లను మైదానాలనుంచి తిన్నగా ఎత్తయిన సరిహద్దులకు చేర్చవలసి వచ్చింది. ఆ రోజుల్లో పైన జబ్బుపడ్డ 1,925 మంది జవాన్లను పరిశీలించి మన సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో ప్రచురించిన వ్యాసం ప్రపంచంలో ఈ జబ్బు గురించి రాసేవాళ్ళంతా ఇప్పటికీ తిరగేసేదే. సైన్యంలో తరువాత కట్టుదిట్టం వచ్చింది. 9,000 అడుగులకు పైన 12,000 అడుగుల వరకూ మొదటి మెట్టు. అక్కడ జవాను ఆరురోజులు అలవాటు పడాలి. మొదటి రెండురోజులూ విశ్రాంతే. కేదారనాథం అడుగుల్లో చెబితే 11,700 పైచిలుకు. ఇరవై అయిదేళ్ళ జవానుకు ఆరురోజులు కావలసిన ఎత్తుకు మనం అరవయ్యేళ్ళ మామగారిని ఒక్కరోజులో ఎక్కించి, రాత్రి చలిలో పడుకోబెట్టి, తెల్లవారుజామున చన్నీళ్ళు పోయిస్తాం! 2022 యాత్రాకాలంలో నాలుగు ధామాల దారుల్లోనూ కలిపి ప్రాణాలు వదిలినవారు రెండువందలు దాటారు. అందులో గుండె ఆగిపోయినవాళ్ళే హెచ్చు. మా బావగారు ఆ లెక్కలోకి ఎక్కకపోవడానికి కారణం ఆ డాక్టరు, మరో ఆరుగురు మనుషులూ.

డాక్టరు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, నిఫెడిపిన్ మాత్ర ఇచ్చాడు. రక్తపోటుకు వాడే మాత్రే. ముడుచుకున్న ఊపిరితిత్తుల నాళాలను కాస్త సడలిస్తుంది. హెలికాప్టరు రాత్రి ఎగరదు. తెల్లవారాక మాత్రం? లోయంతా మబ్బు కమ్ముకుని వుంది. అది ఎప్పుడు విడుతుందో చెప్పేవాడు లేడు. తెల్లవారేదాకా ఆగుదామా అని అడిగింది అక్కయ్య. “అమ్మా, తెల్లవారేదాకా ఆయన ఆగుతారా అన్నది ప్రశ్న” అన్నాడు డాక్టరు. ఫోను చేశాడు. పావుగంటలో ఎస్.డి.ఆర్.ఎఫ్. మనుషులు ఆరుగురు స్ట్రెచరుతో వచ్చారు. 2013 ప్రళయం తరువాత ఉత్తరాఖండ్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన విపత్తు రక్షణదళం అది.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. బావగారు స్ట్రెచరు ఎక్కనన్నారు. మాట మాటకూ మధ్య మూడుసార్లు ఊపిరి పీలుస్తూ, “బతికుండగా... నలుగురి భుజాల మీద... నేనా?” అన్నారు. ఆ గదిలో తెలుగు తెలిసిన ముగ్గురికే ఆ మాట అర్థం అయింది. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. అక్కయ్య మాత్రం చెక్కుచెదరలేదు.

“మన పెళ్ళి ఊరేగింపులో మిమ్మల్ని పల్లకీలో మోసినవాళ్ళూ నలుగురేనండీ. అప్పుడు అభ్యంతరం చెప్పలేదుగా? మాట్లాడకుండా ఎక్కండి.”

ఎక్కారు. ఒంటిగంట ముప్పావుకు బయలుదేరాం.

ఆ దించడం ఒక విద్య. రోగి పడుకుంటే ఊపిరాడదు గనక వీపు వెనక దుప్పట్లు చుట్టి ఎత్తుగా కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. ఆక్సిజన్ సిలిండరు కాళ్ళమధ్య. నలుగురు మోస్తారు, ఒకడు ముందు దారి చూస్తాడు, ఒకడు రోగి తలదగ్గరే నడుస్తూ గొట్టం ఊడకుండా, తల వాలకుండా కనిపెడతాడు. రెండు మూడువందల అడుగులకు ఒకసారి, నోటితో ఒక చిన్న కూత; స్ట్రెచరు నేలకు దించకుండానే భుజం మారిపోతుంది. తలలకు కట్టుకున్న దీపాలు తప్ప మరో వెలుగు లేదు. ఆ దారిని రోజంతా గుర్రాలు, కంచరగాడిదలు తొక్కివుంటాయి. రాళ్ళమీద లద్దె, దానిమీద మంచునీరు. ఉత్త చేతులతో నడుస్తున్న నేను మూడుసార్లు జారాను. బరువు మోస్తున్నవాళ్ళు ఒక్కసారీ జారలేదు. కుడివైపు ఎక్కడో చీకట్లో మందాకిని హోరు.

లించోలీ చేరేసరికి నాలుగయింది. అక్కడ సిలిండరు మార్చారు. వేలికి పరికరం పెడితే 74. ఆ అంకె చూసి తలదగ్గర నడిచే అబ్బాయి నా భుజం తట్టాడు. ఇంకా దిగారు. వంతెన దాటబోయేముందు అతనే చెయ్యెత్తి, దీపం వెలుతురు చాలని చీకటిలోకి చూపిస్తూ, “రాంబాడా అక్కడ వుండేది” అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

భీంబలీ దగ్గర తెల్లవారింది. పైనుంచి అప్పటికి ఇంచుమించు వెయ్యి మీటర్లు దిగివుంటాం. స్ట్రెచరు ఒక టీ దుకాణం అరుగుమీద ఆనించారు. బావగారు కళ్ళు విప్పి చుట్టూ చూశారు. “ఏమోయ్, ఇక్కడ కాఫీ దొరకదనుకుంటాను. టీ అయినా సరే” అన్నారు. మాటల మధ్య ఊపిరికోసం ఆగకుండా అన్నారు. అక్కయ్య అంతవరకూ ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. ఆ టీ మాట విన్నాక దుకాణం వెనక్కి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.

గౌరీకుండం, జీపు, అంబులెన్సు, ఆసుపత్రి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులనిండా దూదిపింజలు అతికించినట్టు తెల్లటి మచ్చలు. మూడోరోజుకు అవి ఆనవాలు లేకుండా పోతున్నాయి. ఈ జబ్బుకున్న మంచిగుణం అదొక్కటే. వేళకు దించితే వచ్చినంత వేగంగానూ పోతుంది. వేళ తప్పితే కొద్దిగంటల వ్యవధి కూడా ఇవ్వదు.

గౌరీకుండంలో ఆ ఆరుగురికీ డబ్బివ్వబోయాను. పుచ్చుకోలేదు. ఒక రిజిస్టరులో బావగారి పేరు, వయస్సు, బయలుదేరిన టైము, చేరిన టైము రాసుకుని నాచేత సంతకం పెట్టించుకున్నారు. తలా ఒక గ్లాసు టీ తాగి మళ్ళీ పైకి నడవడం మొదలుపెట్టారు. పదహారు కిలోమీటర్లు!

ఇంగ్లండు, స్కాట్లండు కొండల్లో ఈ పని చేసేవాళ్ళు జీతాలు లేని స్వచ్ఛంద దళాలవాళ్ళట. బడిపంతుళ్ళు, కొట్లవాళ్ళు, రైతులు; ఫోను రాగానే చేస్తున్న పని వదిలి కొండెక్కుతారు. మాంచెస్టరులో విల్సన్ హే అనే శస్త్రవైద్యుడు, కాళ్ళు విరిగినవాళ్ళను బాధతో కొండ దించడం చూడలేక, చట్టాన్ని కాదని రక్షకదళాలకు మార్ఫియా మందు ఇస్తూవచ్చాడు. 1949లో ఆయన్ని కోర్టుకు లాగి జరిమానా వేశారు. ఆ గొడవ ఫలితంగానే ప్రభుత్వం దిగివచ్చి దళాలకు ఆ మందు తానే ఇవ్వడం మొదలుపెట్టింది.

అంతదూరం ఎందుకు? మన పాడేరు, చింతపల్లి వైపు మన్యంలో రోడ్డెక్కని కొండగూడేలున్నాయి. అక్కడ నెలలు నిండిన ఆడమనిషికి నొప్పులు వచ్చినా, ముసలాయనకు జ్వరం ముదిరినా, కర్రకు దుప్పటి కట్టి డోలీలో వేసుకుని వాగులూ గట్టులూ దాటి రోడ్డుదాకా మోసుకువస్తారు. పేపర్లో వానాకాలంలో ఫొటోలు చూస్తూనే వుంటాం. మోసేవాళ్ళు మొగుడు, బావమరుదులు, ఇరుగుపొరుగు. వాళ్ళకు తలదీపాలు లేవు, ఆక్సిజన్ లేదు, రిజిస్టరూ లేదు. యాత్రికుడికోసం పదహారు కిలోమీటర్ల కొండదారిలో అంచెలంచెలుగా వైద్యశిబిరాలు పెట్టగలిగిన దేశంలో ఆ గూడేలకు దారి ఎందుకు పడలేదో మా విద్యార్థుల్లో అటువైపునుంచి వచ్చినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు ఏ పర్వంలోనూ నాకు సమాధానం దొరకలేదు.

కేదారం వెళ్ళదలచినవారికి ఆ గఢ్వాలీ డాక్టరు చెప్పినవి నాలుగు మాటలు అందిస్తాను. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదట. కేదారం దారిలో అది కుదరదు. కాబట్టి కనీసం గుప్తకాశిలోనో, ఇంకా పైన సోన్‌ప్రయాగలోనో, గౌరీకుండంలోనో రెండు రాత్రులు ఆగాలి. దర్శనం అయినరోజే దిగిపోవడం పైన పడుకోవడంకన్నా మేలు. హెలికాప్టరులో వెళితే శ్రమ లేదనుకుంటారు; శ్రమ కాళ్ళకు లేదుగాని, అది పది నిమిషాల్లో మిమ్మల్ని ఆ గాలిలో దింపేస్తుంది, అలవాటుపడే గడువు బొత్తిగా లేకుండా. అసెటజోలమైడ్ అనే మాత్ర ముందునుంచీ వాడితే కొంత కాపు. అది మీ డాక్టరును అడిగి వాడవలసినదే, షాపువాణ్ణి అడిగి కాదు. తలనొప్పితోపాటు వికారం వుంటే ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గీత గీసి దానిమీద మడమకు వేలు ఆనించి నడవమంటే తూలినా, రాత్రా పగలా అని చూడకుండా దించాలి. దించే వీలు లేనిచోట వాడడానికి గామోవ్ సంచీ అనేది వుంది. మనిషిని లోపల పెట్టి మూసి, కాలితో పంపు కొడుతూ వుంటే లోపల గాలి ఒత్తిడి పెరిగి పదిహేనువందల మీటర్లో, ఇంకా ఎక్కువో కిందికి దించినంత ఫలితం ఇస్తుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో దాన్ని కనిపెట్టిన ఇగోర్ గామోవ్, భౌతికశాస్త్రాన్ని కథల్లా రాసిన జార్జి గామోవ్ కొడుకు. ఎంత మంచి సంచీ అయినా అది తాత్కాలికమే, చివరకు దిగవలసిందే.

ఇంకొకటి కూడా చెప్పాడు ఆయన. ఒకసారి ఈ జబ్బు చేసినవారికి మళ్ళీ ఎత్తుకు వెళితే మళ్ళీ చేసే అవకాశం తక్కినవాళ్ళకన్నా హెచ్చు. ఈ మాట మా బావగారికి నచ్చలేదు. ఈ మధ్య ఆయన బదరీనాథ్ ప్రస్తావన తెస్తున్నారు. “అక్కడ నడక లేదోయ్, బస్సు గుడిదాకా వెళుతుంది” అంటారు. బస్సు వెళ్ళినా ఆ ఊరి ఎత్తు 3,100 మీటర్లకు పైమాటేనని, ముందు మన డాక్టరుగారిని అడగాలని, ఆయన సరేనంటే జోషీమఠంలో రెండు రాత్రులు ఆగి మరీ వెళ్ళాలని నేను. ఆయన ఒక రాత్రికి బేరం పెట్టారు. అక్కయ్య మూడు అంటోంది.